బడ్జెట్‌లో అద్దె ఇల్లు కావాలా? ముందు ఏరియా పట్టుకోండి, తర్వాత ఇల్లు

అద్దె ఇల్లు వెతకాలి అనగానే చాలామంది చేసే మొదటి పని యాప్ ఓపెన్ చేసి, సిటీ పేరు కొట్టి, తక్కువ అద్దె నుంచి ఎక్కువకి సార్ట్ పెట్టడం. అక్కడే సగం ఓపిక అయిపోతుంది. పైన వచ్చేవాటిలో ఒకటి ఫేక్, ఒకటి ఎప్పుడో అద్దెకి వెళ్ళిపోయిన ఇల్లు, ఒకటి షేరింగ్ రూమ్, ఇంకోటి ఊరవతల, ఇలా ఓ యాభై చూసేసరికి అసలు ఈ సిటీలో మన బడ్జెట్‌కి ఇల్లే లేదేమో అనిపిస్తుంది. ఉంటాయండి. కాకపోతే అద్దె తక్కువుండి ఇల్లు కూడా బాగుండేవి చాలావరకు యాప్ దాకా రావు, వచ్చినా గంటల్లో అయిపోతాయి. అవి దొరికేది ఒక చిన్న ఏరియాని గట్టిగా పట్టుకుని అక్కడి వీధులు, రేట్లు, మనుషులు తెలుసుకున్నవాళ్ళకే. అందుకే ఇక్కడ ఆ వరసలోనే చెప్తాను, ముందు డబ్బు, తర్వాత ఏరియా, ఇల్లు ఆ తర్వాతే.

డబ్బు దగ్గర అందరూ చెప్పే మాట ఒకటుంది, ఆదాయంలో 30 శాతం అద్దెకి అని. ఈ లెక్క ఎక్కడ్నుంచి వచ్చిందంటే, అమెరికాలో ప్రభుత్వ ఇళ్ళల్లో ఉండే తక్కువ ఆదాయం వాళ్ళ దగ్గర 25 శాతం కంటే ఎక్కువ అద్దె తీసుకోకూడదని 1969లో చట్టం చేశారు, 1981లో దాన్ని 30 చేశారు, అది అలా అలా పాకి అందరికీ రూల్ అయిపోయింది. మీ అప్పులు, మీ ఇంట్లో ఎంతమంది, ఇంటికి ఎంత పంపాలి ఇవేవీ అందులో లేవు. కాబట్టి చేతికొచ్చే డబ్బు రాసుకుని, అందులోంచి ఈఎమ్ఐలు, ఇంటికి పంపేది, తిండి, ఆఫీసుకి కాని ప్రయాణాలు, కొంచెం పొదుపు తీసేసి మిగిలింది ఎంతో చూడండి, ఇంటి మీద మీరు పెట్టగలిగింది అంతే. కొంతమందికి అది 20 శాతమే వస్తుంది, కొంతమందికి 35 వస్తుంది.

ఇంకో సంగతి, ఆ మిగిలింది ఉత్త అద్దె కాదు, ఇంటికయ్యే మొత్తం ఖర్చు. అద్దె, మెయింటెనెన్స్, నీళ్ళు, కరెంటు, పార్కింగ్, ఇంటర్నెట్, ఆ ఇంటి నుంచి రోజూ ఆఫీసుకి వెళ్ళొచ్చే ఖర్చు, అన్నీ కలిపి ఒక నంబర్ చెయ్యండి. ఉదాహరణకి ఆఫీసు దగ్గర ఒక ఇల్లు అద్దె 100 అనుకుందాం, అందులోనే మెయింటెనెన్స్, ఆఫీసుకి నడిచి వెళ్ళొచ్చు. దూరంగా ఉన్నది 80. మొదట 80ది బ్రహ్మాండంగా కనిపిస్తుంది, కానీ దానికి మెయింటెనెన్స్ 8, ప్రయాణం ఖర్చు 15 కలిపితే 103 అయ్యింది, పైగా రోజుకి రెండు గంటలు రోడ్డు మీద. ఇంకో కేసులో దూరం ఇల్లే నిజంగా తక్కువ పడొచ్చు. లెక్క వేస్తేనే తెలుస్తుంది, ఊహతో తేలదు.

ఒక్కసారి కట్టే ఖర్చుల్ని కూడా నెలల మీదకి పంచి చూడాలి, ఇది చాలామంది చెయ్యరు. బ్రోకర్‌కి ఒక నెల అద్దె కమిషన్ ఇచ్చారనుకోండి, 12 నెలలే ఉంటే నెలకి 8 శాతం పైన అద్దె ఎక్కువ కట్టినట్టే, 24 నెలలు ఉంటే 4 శాతం చిల్లర. అంటే ఎక్కువ కాలం ఉండేవాళ్ళకి బ్రోకర్ పెద్ద బరువు కాదు, ఏడాదిలో మారిపోయేవాళ్ళకి మాత్రం బరువే. సామాను తరలించే ఖర్చు, కొత్తగా కొనాల్సిన ఫ్యాన్లు, లైట్లు, కర్టెన్లు కూడా ఇదే లెక్కలోకి వస్తాయి.

ఇప్పుడు ఏరియా. సిటీ మొత్తం వెతికితే ఏదీ గట్టిగా తెలీదు, అందుకని రెండు, మహా అయితే మూడు చిన్న ఏరియాలు పెట్టుకోండి, ఎంత చిన్నవంటే ఒక సాయంత్రం నడిచి మొత్తం తిరగ్గలిగేంత. ఎంచుకునేటప్పుడు పేరున్న ఏరియా జోలికి నేరుగా వెళ్ళకుండా దాని పక్కది చూడండి. అద్దెలు స్టేషన్‌కి, మెయిన్ రోడ్డుకి, పెద్ద ఆఫీసులకి ఆనుకుని ఎక్కువుంటాయి, ఒక స్టాప్ అవతలకి వెళ్తే తగ్గుతాయి, ఆ ఒక్క స్టాప్‌కి పట్టేది ఓ ఐదు నిమిషాలే. అలాగే స్టేషన్ పక్కనే కాకుండా నడిచి పది పదిహేను నిమిషాలుండే లోపలి వీధులు. ప్రకటనల్లో "స్టేషన్‌కి దగ్గర" అంటారు, ఎంత దగ్గరో చెప్పరు. జపాన్‌లో ఇళ్ళ ప్రకటనల్లో దీనికి ఒక పద్ధతుంది, 80 మీటర్లు అంటే ఒక నిమిషం నడక అని లెక్క కడతారు, మనమూ అదే వాడుకోవచ్చు, కిలోమీటరుకి దాదాపు 13 నిమిషాలు వస్తుంది. కానీ దూరం మ్యాప్‌లో గీత గీసి కొలవొద్దు, మధ్యలో రైలు పట్టాలో పెద్ద కాలవో ఫ్లైఓవరో అడ్డం ఉంటే అర కిలోమీటరు కాస్తా ఒకటిన్నర అవుతుంది. నడిచే రూటు పెట్టి చూడండి, కుదిరితే మీరు ఆఫీసుకి బయల్దేరే టైముకే ఒకసారి అక్కడ్నుంచి వెళ్ళి చూడండి.

తక్కువ అద్దె ఊరికే రాదు, ఏదో ఒకటి తక్కువున్న చోటే అద్దె తగ్గుతుంది. ఇక్కడే అసలు తెలివి అంతా. ఏది తక్కువైనా మనకి నష్టం లేదో, ఏది తక్కువైతే రోజూ ఏడుపో ముందే తేల్చుకోవాలి. నా లెక్కలో వదులుకోదగ్గవి ఇవి: లిఫ్ట్ లేకపోవడం (మోకాళ్ళ నొప్పులు, చిన్నపిల్లలు, పెద్దవాళ్ళు లేకపోతే మూడో అంతస్తు మెట్లు ఎక్కడం పెద్ద పని కాదు), పాత బిల్డింగ్, పాత టైల్స్, చిన్న వంటగది, బండి లేనివాళ్ళకి పార్కింగ్, జిమ్ము స్విమ్మింగ్ పూల్ లాంటివి. ఈ చివరివైతే మరీను, మనం వాడినా వాడకపోయినా మెయింటెనెన్స్‌లో కడుతూనే ఉంటాం. వదులుకోకూడనివి: నీళ్ళు, గాలి వెలుతురు, చెమ్మ లేకపోవడం, గట్టి తలుపులు గొళ్ళేలు, రాత్రి పూట లైట్లు వెలిగే దారి. ఎందుకంటే లిఫ్ట్ లేని ఇల్లు వారంలో అలవాటైపోతుంది, చెమ్మ పట్టిన గదిలో పడుకుంటే రెండేళ్ళయినా అలవాటు కాదు, దగ్గు వస్తుంది, బట్టలు వాసనొస్తాయి, హాస్పిటల్ ఖర్చు అద్దెలో మిగిలింది మింగేస్తుంది. ఆడవాళ్ళు ఒంటరిగా ఉండే ఇల్లయితే దారి, గేటు, పక్క ఇళ్ళల్లో ఎవరున్నారు అనేది అద్దె కంటే ముందు చూడాలి, దీంట్లో ఎవరు ఏమన్నా సర్దుకోవద్దు.

ఒక్కరే ఉండేవాళ్ళయితే ఇంకో దారి కూడా ఆలోచించండి, పెద్ద ఫ్లాట్‌లో ఒక గది. మూడు బెడ్‌రూమ్‌ల ఫ్లాట్ అద్దె మూడు సింగిల్ బెడ్‌రూమ్‌ల అద్దె కంటే దాదాపు ఎప్పుడూ తక్కువే ఉంటుంది, ఎందుకంటే వంటగది, హాలు ఒక్కటే కదా. అయితే అగ్రిమెంట్‌లో మీ పేరు ఉందా లేదా, ఒకరు ఖాళీ చేసి వెళ్ళిపోతే వాళ్ళ వాటా ఎవరు కడతారు అనేవి ముందే మాట్లాడుకోవాలి, తర్వాత మాట్లాడితే గొడవలే.

ఏరియా ఫిక్స్ అయ్యాక వెంటనే ఇళ్ళు చూడ్డానికి పరిగెత్తకండి, ఓ వారం రేట్లు నేర్చుకోండి. ఒక షీట్ పెట్టుకుని ఆ ఏరియాలో కనిపించిన ప్రతి ఇల్లూ రాయండి, అద్దె, కార్పెట్ ఏరియా, ఎన్నో అంతస్తు, ఎంత పాతది, ప్రకటన ఏ రోజు పెట్టారు. కార్పెట్ ఏరియా అనే ఎందుకంటున్నానంటే ప్రకటనలో రాసే పెద్ద నంబర్‌లో గోడల మందం, మెట్లు, కారిడార్, లిఫ్ట్ వాటా అన్నీ కలిపేసి ఉండొచ్చు, మీరు చాప వేసుకునే చోటు అందులో ఎంతో విడిగా అడగాలి. ఓ ఇరవై ముప్ఫై ఇళ్ళు రాశాక అద్దెలు వరసగా పెట్టి మధ్యలో ఉన్నది చూడండి, సగటు వేయొద్దు, ఒకట్రెండు లగ్జరీ ఫ్లాట్లుంటే సగటు పైకి లాగేస్తుంది. ఆ మధ్య నంబరే ఆ ఏరియా రేటు. ఇంకా గుర్తుంచుకోండి, అవి ఓనర్లు అడిగే రేట్లు మాత్రమే, చివరికి కుదిరేది దానికి కొంచెం కింద ఉండొచ్చు. అది తెలియాలంటే ఆ బిల్డింగుల్లో ఇప్పటికే ఉంటున్నవాళ్ళని అడగడమే.

ఈ షీట్ వల్ల ఇంకో లాభం. నాలుగు వారాలుగా అదే ఇల్లు కనిపిస్తూ ఉంటే ఇల్లు బాలేకపోవచ్చు, లేదా రేటు ఎక్కువ చెప్తూ ఉండొచ్చు, రెండోదయితే ఆ ఓనర్ ఈపాటికి మెత్తబడి ఉంటాడు, వెళ్ళి మాట్లాడాల్సిన ఇల్లు అదే. ఇక మధ్య రేటు కంటే బాగా కింద, ఫోటోలు మాత్రం ధగధగలాడుతూ ఉన్నవైతే జాగ్రత్త, దాని గురించి కింద చెప్తాను.

వెతకడం మొదలుపెట్టాక యాప్‌లో అలర్ట్‌లు పెట్టుకోండి, మంచిది, కొత్తగా పడ్డ ఇంటికి మెసేజ్ కాకుండా కాల్ చెయ్యండి, పొద్దున్న పడితే మధ్యాహ్నానికి చూసొచ్చేలా ఉండాలి. కానీ నా ఉద్దేశంలో అసలు వెతుకులాట కాళ్ళతోనే. ఎంచుకున్న వీధులన్నీ నడవండి, మెయిన్ రోడ్డు కాదు, వెనక వీధులు. కొంతమంది ఓనర్లు, ముఖ్యంగా పెద్దవాళ్ళు, యాప్‌లో పెట్టరు, గేటుకి టులెట్ బోర్డు కట్టి ఊరుకుంటారు, అలాంటి ఇళ్ళల్లో బ్రోకర్ కూడా ఉండడు. బోర్డు లేని బిల్డింగుల్లో కూడా వాచ్‌మన్‌ని, లేదా మెట్ల దగ్గర కనిపించిన ఎవరినైనా "ఇక్కడ ఎవరైనా ఖాళీ చేసేది ఉందాండీ" అని అడగండి. ఏ ఫ్లాట్ వాళ్ళు వచ్చే నెల వెళ్ళిపోతున్నారో ముందు తెలిసేది వీళ్ళకే. ఆ వీధిలో షాపు పెట్టుకున్నవాళ్ళు, రోజూ డెలివరీకి వచ్చేవాళ్ళు, వాళ్ళకీ తెలుస్తుంది. ఎవరైనా నోటీస్ ఇచ్చాక ఇల్లు ఖాళీ అయ్యే లోపు ఓ నెల టైమ్ ఉంటుంది కదా, ఆ నెలలో మీరు వెళ్తే పోటీ ఉండదు, ఓనర్‌కి కూడా ప్రకటన పని తప్పుతుంది. మంచి ఇళ్ళు చాలా ఇలాగే పాత అద్దెవాళ్ళ నుంచి తెలిసినవాళ్ళకి చేతులు మారిపోతాయి.

అందుకే మీకు తెలిసిన అందరికీ పంపడానికి ఒక చిన్న మెసేజ్ రెడీగా ఉంచుకోండి. "ఇల్లుంటే చెప్పు" అంటే ఎవరికీ గుర్తుండదు, వివరంగా ఉంటే వాళ్ళు ఇంకొకరికి ఫార్వర్డ్ చెయ్యగలరు. ఇలా రాయొచ్చు:

"మేం ఇద్దరం, ఇద్దరికీ ఉద్యోగాలున్నాయి. ఫలానా వీధికీ ఫలానా రోడ్డుకీ మధ్యలో ఒక బెడ్‌రూమ్ ఇల్లు చూస్తున్నాం. మెయింటెనెన్స్‌తో కలిపి ఇంత వరకు ఇవ్వగలం. వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి కావాలి, కనీసం రెండేళ్ళు ఉంటాం. లిఫ్ట్ లేకపోయినా పర్లేదు, నీళ్ళు బాగుండాలి. తెలిస్తే కాల్ చెయ్యండి."

టైమ్ కూడా చూస్కోండి. కాలేజీలు మొదలయ్యే ముందు, కొత్త ఉద్యోగాల్లో జనం జాయినయ్యే సీజన్‌లో పోటీ ఎక్కువ, ఓనర్లు దిగరు. ఎవరూ మారని నెలల్లో ఇళ్ళు కొన్నే కనిపిస్తాయి కానీ బేరానికి దొరుకుతాయి. మీ ఇప్పటి ఇంటి అగ్రిమెంట్ ఎప్పుడు అయిపోతుందో చూసుకుని కనీసం రెండు నెలల ముందే మొదలుపెడితే తొందరలో ఏదో ఒకటి పట్టుకోవాల్సిన పరిస్థితి రాదు. తొందరలో ఉన్నవాళ్ళకి అద్దె ఎక్కువే పడుతుంది.

ఇక మోసాలు. ఇవన్నీ ఇంచుమించు ఒకేలా ఉంటాయి, ఇల్లు చాలా బాగుంటుంది, అద్దె చాలా తక్కువ, ఓనర్ మాత్రం విదేశాల్లోనో వేరే ఊళ్ళోనో ఉంటాడు, చూపించడానికి ఎవరూ లేరు, తాళాలు కొరియర్ చేస్తాను, కానీ ఇంకో ముగ్గురు అడుగుతున్నారు కాబట్టి ఇప్పుడే టోకెన్ కట్టండి అంటాడు. ఇంటి లోపల అడుగుపెట్టకుండా ఒక్క పైసా కట్టొద్దు, ఎంత మంచి ఇల్లయినా సరే, ఎంత తొందర పెట్టినా సరే. ఫోటోల్ని ఇమేజ్ సెర్చ్‌లో వేసి చూడండి, అవే ఫోటోలు వేరే సిటీలో వేరే అద్దెకి కనిపిస్తే అక్కడితో ఆపెయ్యండి. లోపల చూపించినంత మాత్రాన అతనే ఓనర్ అని కాదు, తాళం ఎవరి దగ్గరైనా ఉండొచ్చు. ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు మీద పేరు అతని ఐడీలో పేరు ఒకటేనా చూడండి, వేరేవాళ్ళ తరఫున అయితే రాసిచ్చిన అధికారం చూపించమనండి. పక్కింటివాళ్ళని ఒక్క మాట అడిగినా సగం తేలిపోతుంది. డబ్బులు అకౌంట్ ద్వారానే, ఆ ఓనర్ పేరు మీదున్న అకౌంట్‌కే. నిజమైన ఓనర్ ఎవరూ ఇవి అడిగితే కోప్పడరు.

ఇల్లు చూడ్డానికి వెళ్ళినప్పుడు మొహమాటం పక్కన పెట్టేయండి. వంటగదిలో, బాత్రూమ్‌లో కుళాయిలు ఒకేసారి తిప్పి ఫ్లష్ కొట్టండి, అప్పుడు ధార సన్నబడిపోతే పొద్దున్న పూట అందరూ వాడే టైమ్‌లో ఇంకా అన్యాయంగా ఉంటుంది. గోడల కింద, కిటికీల మూలల్లో, బాత్రూమ్ అవతలి గోడ మీద చెయ్యి పెట్టి చూడండి, చల్లగా తడిగా ఉందా, పెచ్చులు ఊడుతున్నాయా. గదంతా పాత రంగుండి ఒక్క గోడకే కొత్త రంగు వేసుంటే దాని వెనక మరకలున్నాయేమో అడగాల్సిందే. అల్మారాలు తెరిచి వాసన చూడండి. సాకెట్లన్నిట్లో ఫోన్ చార్జర్ పెట్టి చూడండి, ప్రతి గదిలో నిలబడి ఒక కాల్ చెయ్యండి, సిగ్నల్ లేని పడగ్గది ఇంటి నుంచి పనిచేసేవాళ్ళకి పనికిరాదు. టేపు తీసుకెళ్ళి తలుపు వెడల్పు, ఫ్రిజ్ పెట్టే చోటు, మంచం పట్టే గోడ కొలవండి. పై అంతస్తు అయితే పైకప్పు ఎండకి కాగి రాత్రి దాకా వేడి దింపుతుంది, పడమర వైపు కిటికీలుంటే సాయంత్రం ఎండ నేరుగా లోపలికి కొడుతుంది, ఆ కూలర్ ఏసీ ఖర్చు కూడా మీ లెక్కలోదే. అలాంటి ఇంటిని పొద్దున్నే చల్లటి పూట చూస్తే ఏమీ తెలీదు, మధ్యాహ్నం మూడింటికి వెళ్ళండి. నచ్చిన ఇంటికి రాత్రి తొమ్మిదికి ఇంకోసారి వెళ్ళండి, చప్పుడెంత, దారిలో లైట్లున్నాయా, కుక్కలున్నాయా. వచ్చేటప్పుడు మెట్ల మీద ఎవరైనా కనిపిస్తే నీళ్ళు ఎలా వస్తాయి, రిపేర్ చెప్తే ఓనర్ ఎన్నాళ్ళకి చేయిస్తాడు, ఈ రెండే అడగండి చాలు.

బేరం. "కొంచెం తగ్గించండి సార్" అంటే ఎవరైనా కుదరదనే అంటారు. ఓనర్ వైపు లెక్క చూడండి, ఒక నెల ఇల్లు ఖాళీగా ఉంటే ఏడాది అద్దెలో పన్నెండో వంతు పోయినట్టు, అంటే 8 శాతం పైనే. మీరు 5 శాతం తగ్గించమని అడిగి రేపే వచ్చేస్తాం అంటే, నెల ఆగి పూర్తి అద్దె ఇచ్చేవాడి కోసం చూడటం కంటే మొదటి ఏడాది లెక్కలో ఆయనకి ఇదే లాభం. ఇది మర్యాదగా చెప్పొచ్చు, ఈ వీధిలో ఇంత సైజు ఇళ్ళు ఇంతకి వెళ్తున్నాయి అని మీ షీట్‌లో నాలుగు చూపించి, మేం రెండేళ్ళు ఉంటాం, అద్దె ఒకటో తారీఖునే పడుతుంది, కావాలంటే పాత ఓనర్‌తో మాట్లాడండి అని. పాత ఓనర్ మంచి మాట చెప్తే అంతకంటే పెద్ద సర్టిఫికెట్ లేదు. అద్దె దగ్గర దిగకపోతే వేరేవి అడగండి, అడ్వాన్స్ తగ్గించడం, రంగులు వేయించడం, అద్దె లెక్క ఓ వారం తర్వాత నుంచి మొదలుపెట్టడం, మెయింటెనెన్స్ అద్దెలోనే కలపడం. వీటికి ఓనర్లు తొందరగా ఒప్పుకుంటారు, ఎందుకంటే పైకి చెప్పుకునే అద్దె తగ్గలేదు కదా.

అగ్రిమెంట్‌లో అందరూ మొదటి నెల అద్దె చూస్తారు, నేనైతే ముందు పెంపు శాతం చూడమంటాను. 100తో మొదలై ఏటా 10 శాతం పెరిగే ఇల్లు, 105తో మొదలై ఏటా 5 శాతం పెరిగే ఇల్లు, మొదటిది తక్కువ అనిపిస్తుంది. మూడేళ్ళకి వేస్తే మొదటిది 100, 110, 121, మొత్తం 331. రెండోది 105, 110, 116 దగ్గర, మొత్తం మళ్ళీ అదే 331. నాలుగో ఏడు మొదటిది 133, రెండోది 121 చిల్లర. అంటే ఎక్కువ కాలం ఉండే ఉద్దేశముంటే రెండోదే తక్కువ. పెంపు గురించి ఏమీ రాయకపోతే ఎంతైనా అడగొచ్చు అనుకుంటారు, అందుకని నంబర్ రాయించండి.

దాంతోపాటు అడ్వాన్స్ ఖాళీ చేసిన ఎన్ని రోజుల్లో తిరిగిస్తారు, దేనికి కోస్తారు, నోటీస్ ఎన్ని నెలలు (రెండు వైపులా ఒకేలా ఉండాలి), మధ్యలో వెళ్ళిపోతే ఏం కట్టాలి, మోటర్, పైపులు, గీజర్ లాంటి పెద్ద రిపేర్లు ఎవరివి, ఇవన్నీ కాగితం మీదుండాలి. నోటిమాటగా "అవన్నీ చూసుకుందాంలే" అన్నది తర్వాత ఎవరికీ గుర్తుండదు. మీ ఊళ్ళో అద్దె చట్టం ఏం చెప్తుందో, అడ్వాన్స్‌కి, పెంపుకి పరిమితి ఉందో లేదో సంతకానికి ముందే కనుక్కోండి, చాలా చోట్ల ఉంటుంది, అద్దెకుండేవాళ్ళే దాన్ని వాడుకోరు.

తాళాలు చేతికొచ్చిన రోజు, సామాను దించకముందే, ప్రతి గదీ వీడియో తీయండి, గీతలు, పగిలిన టైల్స్, మరకలు, కుళాయిలు, కరెంటు మీటర్ రీడింగ్, అన్నీ దగ్గరగా, తర్వాత అదే రోజు ఓనర్‌కి పంపండి, "ఇవి మేం వచ్చేసరికే ఉన్నాయండీ" అని ఒక లైన్ రాసి. గొడవ కోసం కాదు, రెండేళ్ళ తర్వాత అడ్వాన్స్ తిరిగిచ్చే రోజు ఇద్దరికీ గుర్తుండాలని. పాత బకాయిలు లేవని చివరి కరెంటు, నీళ్ళ బిల్లులు కూడా ఆ రోజే తీసుకోండి. ఇక రెన్యువల్‌కి రెండు నెలల ముందు మళ్ళీ ఆ షీట్ తెరిచి ఓ పది ఇళ్ళ రేట్లు కొత్తగా రాయండి, ఏరియా రేటు పెరగకపోయుంటే పెంచొద్దని అడగడానికి మీ దగ్గర కారణం ఉంటుంది, బాగా పెరిగుంటే ఓనర్ అడిగే 5 శాతానికి మారుమాట్లాడకుండా సంతకం పెట్టేయండి.